పొయ్యి దగ్గర పెట్టిన బూట్లు

"నా బూట్లు పొయ్యి దగ్గర ఎవరు పెట్టారు?"

పొద్దున్న ఆరున్నరకి మంచుకొండల మీది క్వితబు బసలో నేను విన్న మొదటి మాట అది. రొట్టె మీద వెన్న రాస్తున్న నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తోరున్ ఒక్కో చేత్తో ఒక్కో బూటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. జడ సగమే అల్లుకుంది. మిగతా సగం భుజం మీద చిందరవందరగా పడి ఉంది. కోపంలో కూడా ఒక మనిషి ఇంత బాగుండటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

"ముట్టుకుని చూడు మావయ్యా. పెనంలా కాలుతున్నాయి."

ఆమె మేనమామ హల్వర్ కాఫీ కప్పు పక్కన పెట్టి, ఒక బూటు అడుగున అరచెయ్యి ఆనించాడు. "వెచ్చగానే ఉన్నాయి," అన్నాడు. అని, ఎందుకో నావైపు ఒకసారి చూశాడు.

"వెచ్చగా ఉంటే మంచిదే కదా?" అన్నాను నేను.

"మంచిదా? బయట మైనస్ మూడు. ఈ వేడి బూటుతో అడుగేస్తే కింద మంచు కరుగుతుంది. కరిగింది అక్కడే గడ్డ కడుతుంది. ఆ గడ్డకి ఇంకో గడ్డ. ఇక రోజంతా పాదం కింద ఇటుక కట్టుకుని తిరగాలి. అందుకే రాత్రి చల్లటి వసారాలో పెట్టాను. కావాలనే పెట్టాను." తోరున్ వంటగది వైపు చూసి నిట్టూర్చింది. "బోర్గిల్ పెట్టుంటుందిలే. ఆవిడది మరీ మెత్తటి మనసు. ఏమీ అనకండి, పాపం."

బోర్గిల్ ఆ బసని చూసుకునే పెద్దావిడ. వంటగదిలో గిన్నెలు కడుక్కుంటూ ఏదో పాట పాడుకుంటోంది. ఆవిడకి ఈ సంగతేమీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ బూట్లు అక్కడ పెట్టింది నేను.

నా పక్షాన ఒక మాట చెప్పుకోనివ్వండి. నాది బెర్గెన్. మా ఊళ్ళో వాన పడని రోజు పేపర్లో పడే వార్త. ఇంటికి చుట్టం వస్తే మా అమ్మ మంచినీళ్ళ కంటే ముందు బూట్లు అడుగుతుంది. వాటిలో పాత పేపర్లు కుక్కి పొయ్యి పక్కన పెడుతుంది. తెల్లారి వెచ్చటి బూట్లలో కాళ్ళు పెట్టుకోవడం కంటే గొప్ప మర్యాద మాకు ఇంకొకటి తెలియదు. నిన్న సాయంత్రం దారి పనికి సాయంగా ఈ బసకి చేరి తలుపు తడితే, ఒంటి కాలికే మేజోడు తొడుక్కున్న ఒకమ్మాయి తలుపు తీసింది. నన్ను పైనుంచి కిందదాకా చూసి, "బెర్గెన్ నుంచి వచ్చిన షూర్ నువ్వేనా? గొడుగు ఎక్కడ?" అంది. అక్కడికక్కడే నా పని అయిపోయింది.

రాత్రి అందరూ పడుకోబోతుంటే వసారాలో ఆమె బూట్లు కనిపించాయి. చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. పొయ్యి పక్కన ఒక్క జతకే చోటుంది. నావి అక్కడే చలిలో వదిలేసి ఆమెవి తెచ్చి పెట్టాను. రేపు కాలు పెట్టగానే హాయిగా ఉంటుంది, ఎవరు చేశారా అని అనుకుంటుంది, అంతవరకే ఆలోచించాను. ఆమె నిజంగా అదే అనుకుంటోంది ఇప్పుడు.

చెప్పెయ్యాల్సింది. కానీ అది మామూలు రోజు కాదు. ఈస్టర్ సెలవులకి జనం కొండల మీదికి వచ్చేముందు, బస నుంచి బసకి దారి తెలిసేలా మంచులో బర్చ్ చెట్టు కొమ్మలు నాటాలి. క్వితబు నుంచి మేం ముగ్గురం, అవతల స్కారబు నుంచి తోరున్ వాళ్ళ నాన్న ఒడ్‌వర్ జట్టు. మధ్య కనుమలో ఉన్న రాతిగుట్ట దగ్గర రెండు వరసలూ కలవాలి. మా వాటా ఆరు కిలోమీటర్లు, మూడు వందల కొమ్మలు. రెయిండీర్ల దారి కాబట్టి మంచు మీద నడిచే స్కూటర్లు తేకూడదు, అంతా స్కీల మీదే. సాయంత్రం తుఫాను. మూడు గంటలకి ఎక్కడివాళ్ళు అక్కడినుంచి వెనక్కి తిరగాలి. మధ్యలో ఖాళీ మిగిలిందంటే ఈ ఈస్టర్‌కి దారి తెరవరు.

ఇంకొకటి కూడా ఉంది. ఇరవై రెండేళ్ళు ఈ దారి చూసుకున్న ఒడ్‌వర్‌కి మోకాళ్ళు పోయాయి. మూడింటికల్లా గుట్ట దగ్గరికి వస్తే దారి నీది, రాకపోతే ఈ బసలు నడిపే సంఘం వాళ్ళు చెప్పిన మనిషికి ఇచ్చేస్తాను, అన్నాడట కూతురితో. ఆ సంగతి చెప్తున్నప్పుడు తోరున్ నవ్వుతూనే ఉంది కానీ, చేతిలో చెంచాని మాత్రం వంచేసింది.

ఇంత జరుగుతుంటే నేను లేచి ఎలా చెప్పను? బోర్గిల్ మంచితనం వెనక దాక్కుని రొట్టె తిన్నాను. 

*

మొదటి కిలోమీటరులోనే తెలిసిపోయింది.

మంచు పైపొర గట్టిగా ఉంది. ప్రతి కొమ్మకీ స్కీ దిగాలి, ఇనప గునపంతో కన్నం చెయ్యాలి, కొమ్మ గుచ్చి చుట్టూ తొక్కాలి, మళ్ళీ స్కీ ఎక్కాలి. హల్వర్ కొమ్మలు వేసిన స్లెడ్ బండి లాగుతున్నాడు, నేను గునపం, తోరున్ దారి చూసి కొమ్మ గుచ్చుతుంది. హల్వర్ ఎక్కితే టక్. నేను ఎక్కితే టక్. తోరున్ ఎక్కితే మాత్రం టక్ లేదు. బూటు ముందున్న ఇనప కడ్డీ, స్కీ మీద బూటుని పట్టి ఉంచే బైండింగ్ నోట్లో పడాలి. పడటం లేదు. అడుగున గాడి నిండా ఐసు. మడమ కింద కోడిగుడ్డంత గడ్డ.

"చూశావా, హై హీల్స్," అంది ఒక కాలు పైకెత్తి చూపిస్తూ. "డాన్సుకి వెళ్దామా?"

"వెళ్దాం," అన్నాను, ఆలోచించకుండా.

"ముందు ఇది గీకు."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా రొట్టెల డబ్బాలో జూనిపర్ చెక్కతో చేసిన వెన్న కత్తి ఉంది. దాంతో గాడి వెంట గీకాను. ఆమె పడిపోకుండా నా భుజం మీద చెయ్యి వేసింది. చేతికి మందపాటి ఉన్ని గ్లవ్ ఉంది, నాకు రెండు కోట్లు ఉన్నాయి. అయినా ఆ చెయ్యి ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలుస్తోంది.

"బెర్గెన్ వాళ్ళు ఇంత బాగా గీకుతారని తెలీదే."

"ఫెర్రీ మీద పని. తుప్పు గీకడం అలవాటే."

"అంటే నా బూటు తుప్పుపట్టిన పడవలా ఉందా?"

"పడవే నయం. ఇలా ప్రశ్నలు వెయ్యదు."

తోరున్ పకపకా నవ్వింది. టక్ మంది బైండింగ్. నాకు ప్రపంచాన్ని గెలిచినంత సంబరం వేసింది. ఇరవై మీటర్లు వెళ్ళాక మళ్ళీ దిగింది. మళ్ళీ గడ్డ. తోలు లోపలిదాకా తడిసింది, ఇక అది ఎంత గీకినా ఆగదు.

హల్వర్ జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీశాడు. "అడుగున మైనం రుద్దితే మంచు అంటదు. కానీ తడి మీద మైనం నిలవదు," అని రుద్ది చూపించాడు. నిజంగానే నిలవలేదు. ముక్కలు ముక్కలుగా రాలిపోయింది.

పదకొండింటికి నూట ఇరవై కొమ్మలే అయ్యాయి. తోరున్ నవ్వడం తగ్గించింది. మాటిమాటికి వాచీ చూస్తోంది.  ఏదో ఒకటి చెయ్యాలి. థర్మాస్‌లో వేడి బ్లాక్‌కరెంట్ రసం ఉంది. అడక్కుండానే మూత తీసి ఆమె బైండింగ్ మీద పోసేశాను. పొగలు వచ్చాయి, ఐసంతా జారిపోయింది, కడ్డీ నిగనిగలాడింది. తోరున్ గభాలున కాలు పెట్టింది. టక్.

"నువ్వు మేధావివి," అంది.

ఆ బిరుదు నా దగ్గర మహా అయితే రెండు నిమిషాలు ఉంది. తర్వాతి కొమ్మ దగ్గర ఆమె దిగబోతే బైండింగ్ తెరుచుకోలేదు. చక్కెర రసం ఎర్రగా గడ్డకట్టి కడ్డీని పట్టేసింది. పిల్లలు చీకే ఐసు పుల్లకీ దానికీ పెద్ద తేడా లేదు.

"షూర్, ఇందులో చక్కెర ఉందా?"

"నాలుగు చెంచాలు."

"దిగడానికి నేనిప్పుడు దీన్ని నాకాలా?"

హల్వర్ పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు. ఆ గడ్డ వదిలించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో ఎనిమిది కొమ్మలు నాటొచ్చు.

ఒంటి గంటన్నరకి రెండు వందల పది. ఇంకా తొంభై ఉన్నాయి, గంటన్నర ఉంది. దూరంగా కనుమ మీద నాలుగు చుక్కలు కదులుతున్నాయి. అది ఒడ్‌వర్ జట్టు. మా వెనక ఆకాశం బూడిద రంగులోకి తిరుగుతోంది. తోరున్ స్లెడ్ మీద కూర్చుని రెండు గ్లవ్స్ మధ్య తల పెట్టుకుంది.

"నాన్న చూస్తుంటాడు," అంది నెమ్మదిగా. "మూడింటికి వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. ఏమీ అనడు. అనకపోవడమే నాకు భయం."

నేను ఆమె ముందు కూర్చుని వెన్న కత్తి తీశాను. ఆమె కాలు ఇవ్వలేదు. నా కాళ్ళవైపు చూస్తోంది.

"నీ బూటు పైకెత్తు."

ఎత్తాను. అడుగు శుభ్రంగా, పొడిగా ఉంది.

"నీ బూట్లు రాత్రి ఎక్కడున్నాయి?"

"వసారాలో."

"మావయ్యవీ వసారాలో. నావీ వసారాలోనే పెట్టాను. మరి బోర్గిల్ నావొక్కటే ఎందుకు తీసుకెళ్ళింది?"

గాలి కొద్దిగా లేచింది. హల్వర్ కొమ్మల కట్ట విప్పుతూ విప్పుతూ ఆగాడు. పడవలో పని చేసేవాణ్ణి, ఎప్పుడు దూకాలో తెలుసు. దూకేశాను.

"బోర్గిల్ కాదు. నేను."

"ఏమిటి?"

"పొయ్యి దగ్గర ఒక్క జతకే చోటుంది. నీవి పెట్టాను. పొద్దున్న నీ కాళ్ళు వెచ్చగా ఉండాలని. మా ఊళ్ళో అలాగే చేస్తాం. ఇక్కడ చెయ్యకూడదని తెలీదు. తెలిశాక చెప్పే ధైర్యం లేకపోయింది."

తోరున్ నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. నేనెప్పుడూ అంతసేపు ఒకరి కళ్ళలోకి చూడలేదు. అది ప్రేమగా చూడటం కాదని మాత్రం నాకు తెలుసు.

"పొద్దున్నుంచి," అంది. "పొద్దున్నుంచి నా కాళ్ళ దగ్గర కూర్చుని గీకుతున్నావు. నేనేమో, ఈ అబ్బాయి ఎంత మంచివాడు అనుకుంటున్నాను. మావయ్యతో కూడా అన్నాను."

"అంది," అన్నాడు హల్వర్.

"నువ్వు మాట్లాడకు మావయ్యా. బోర్గిల్ మీద పడ్డ నిందని అలాగే ఉండనిచ్చావు షూర్. అదే నాకు నచ్చలేదు. బూట్లు పోతే పోనీ."

"చెప్తే వెనక్కి పంపేస్తావనుకున్నాను."

"పంపేదాన్నే."

"తెలుసు. ఈ ఒక్క రోజూ నీతో ఉండాలనిపించింది. అందుకే చెప్పలేదు. తప్పే, పెద్ద తప్పే. కానీ తిట్టడానికి మూడు తర్వాత బోలెడు టైముంది. ఇప్పుడు నా బూట్లు నువ్వేసుకో."

ఆమె నా బూట్లకేసి చూసింది.

"నా సైజు నలభై రెండు," అన్నాను లేసులు విప్పుతూ. "రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే సరిపోతుంది. నా స్కీలు కూడా తీసుకో, వాటి బైండింగ్‌లో చక్కెర లేదు. నీవి నేనేసుకుని మెల్లగా వస్తాను."

"నాది నలభై. నీ కాళ్ళు పట్టవు."

"పట్టిస్తాను."

"వేళ్ళు తిమ్మిరెక్కుతాయి."

"తోరున్, టైము చూడు."

ఆమె వాచీ చూసింది. తర్వాత మంచులోనే కూర్చుని బూట్లు పీకేసింది. ఒక్క నిమిషంలో నా బూట్లలో నిలబడింది. ఒక కాలు, టక్. రెండో కాలు, టక్. పొద్దున్నుంచి నేనెదురుచూసిన చప్పుడు, నా బూట్లలోంచి వినిపించింది. "మావయ్యా, నువ్వు ఇతనితో ఉండు. ఒంటరిగా వదలొద్దు. నాన్నావాళ్ళు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నారు కాబట్టి నాకేం భయం లేదు," అంటూ నా చేతిలోంచి గునపం లాక్కుని, స్లెడ్ తాడు నడుముకి కట్టుకుంది. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగింది. నా కాళ్ళకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన తీరు చూసి తీరాలి. దిగడం, గునపం, కొమ్మ, నాలుగు తొక్కులు, టక్, మళ్ళీ జారడం. ఎక్కడా ఆగలేదు. పొద్దున్నుంచి బిగబట్టిన వేగమంతా ఒక్కసారి వదిలేసినట్టు పోయింది. నాకు గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా. ఏమని అరిచానో గుర్తులేదు.

*

ఆమె బూట్లలోకి నా కాళ్ళు ఎలా దూర్చానో చెప్తే నవ్వుతారు. దూర్చాను, అంతే. బైండింగ్ పట్టలేదు కాబట్టి స్కీలు భుజాన వేసుకుని, ఆమె నాటిన కొమ్మల వెంట నడిచాను. పది అడుగులకోసారి కాళ్ళ కింద గడ్డలు ఊడగొట్టుకోవాలి. హల్వర్ నా పక్కనే నింపాదిగా జారుతూ వచ్చాడు.

"రాత్రి నువ్వు బూట్లు జరపడం చూశాను," అన్నాడు ఉన్నట్టుండి.

నేను ఆగిపోయాను. "చూశారా? మరి ఆపలేదేం?"

"నీవి పెట్టుకుంటున్నావనుకున్నా. పొద్దున్న తెలిసింది."

"మరి పొద్దున్న చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశా. మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉన్నా." కర్రతో నా బూటు కింద గడ్డని టకటక కొట్టాడు. "ఇంకో గంట చూసి నేనే చెప్పేవాణ్ణి. ముందే చెప్పేశావు, అది నీ అదృష్టం."

"ఆమె క్షమిస్తుందంటారా?"

"నాకేం తెలుసు. మా చెల్లెలి కూతురు, మొండిది. నడు, కాళ్ళు కదుపుతూ ఉండు."

గాలి పెరిగింది. పొడి మంచు నేల మీద పాకడం మొదలైంది. ముందున్న కొమ్మ కనిపిస్తోంది, దాని వెనకది సగం కనిపిస్తోంది. వేళ్ళు మొదట నొప్పిపెట్టాయి, తర్వాత నొప్పి పోయింది. నొప్పి పోవడం మంచిది కాదని నాకూ తెలుసు. కొమ్మలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. రెండు వందల డెబ్భై. ఎనభై. తొంభై. ప్రతి కొమ్మా నిటారుగా ఉంది, ఒక్కటీ వంకర లేదు. అంత హడావుడిలో కూడా.

మూడు వందలవ కొమ్మ పక్కన రాతిగుట్ట ఉంది. గుట్టకి గాలి తగలని వైపు ఐదుగురు మనుషులు కాఫీ తాగుతున్నారు.

"ఎన్నింటికి వచ్చింది?" అన్నాను, ముఖమంతా బిగుసుకుపోయి మాట సరిగ్గా రాకపోయినా.

"మూడుకి ఎనిమిది నిమిషాలు ముందు," అన్నాడు తెల్ల గడ్డం ఉన్న పొడుగాటి మనిషి. ఆయనే ఒడ్‌వర్ అని చెప్పక్కర్లేదు, తోరున్ కళ్ళే ఆయనకీ ఉన్నాయి. "మా వైపు ఇంకా నాలుగు కొమ్మలు నాటాలి, మీరు చేరేదాకా ఆగాం. దారి దానిదే ఇక." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. కానీ ఖాళీ కప్పే ఎత్తి తాగబోయాడు. తర్వాత నా కాళ్ళవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "మా అమ్మాయి బూట్లలో ఉన్న ఈ అబ్బాయి ఎవరు?"

"షూర్," అంది తోరున్ లేచి వస్తూ. "బెర్గెన్. కూర్చో షూర్. వేళ్ళు తెలుస్తున్నాయా?"

"ఎడమవి కొంచెం. కుడివి లేవు."

ఆమె నన్ను తోసి స్లెడ్ మీద కూర్చోబెట్టి, లేసులు తెంపినంత పని చేసి బూట్లు లాగేసింది. మేజోళ్ళు తీసింది. వేళ్ళు కొవ్వొత్తిలా తెల్లగా ఉన్నాయి.

"పొట్ట మీద పెట్టాలి," అన్నాడు ఒడ్‌వర్. కొండల్లో అందరికీ తెలిసిన వైద్యమే అది. చల్లబడ్డ పాదాలకి ఇంకో మనిషి ఒంటి వేడి కంటే మందు లేదు.

"నా పొట్టయితే పెద్దది, చోటెక్కువ," అంటూ హల్వర్ కోటు గుండీలు విప్పబోయాడు.

"నువ్వాగు మావయ్యా," అంది తోరున్.

నా ఎదురుగా మంచులో కూర్చుని కోటు జిప్ తీసింది. ఉన్ని చొక్కా పైకి లాగి, నా రెండు పాదాలూ లోపలికి తీసుకుని పొట్టకి ఆనించుకుంది. చలికి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది, పళ్ళు బిగించింది, కానీ వదల్లేదు. పైనుంచి కోటు కప్పేసి రెండు చేతులతో బిగించి పట్టుకుంది. నా గుండె ఎంత చప్పుడు చేస్తోందంటే గాలి కూడా వినిపించలేదు.

"స్కారబు చేరగానే బోర్గిల్‌కి ఫోన్ చేస్తావు. జరిగింది చెప్పి క్షమాపణ అడుగుతావు," అంది నా కళ్ళలోకి చూస్తూ.

"చేస్తాను."

"ఇంకెప్పుడైనా నా దగ్గర ఏదైనా దాస్తే?"

"దాయను. ఇప్పుడే ఒకటి చెప్పేస్తాను. నిన్న నువ్వు తలుపు తీసినప్పటినుంచి నాకు నువ్వంటే ఇష్టం."

ఆ మాట ఆరుగురి ముందు అన్నాను. ఒడ్‌వర్ జట్టులో ఒకతను కాఫీ కప్పులోకి తదేకంగా చూడటం మొదలుపెట్టాడు. హల్వర్ మళ్ళీ దగ్గాడు. తోరున్ ముక్కు, చెవులు, మెడ అన్నీ ఎర్రబడ్డాయి.

ఒడ్‌వర్ కూతురిని చూశాడు, కోటు కిందున్న నా కాళ్ళని చూశాడు. "జట్టు నాయకురాలివి కాబట్టి చేస్తున్నావా ఇది?"

"కాదు నాన్నా."

ఆయన తలాడించాడు. థర్మాస్‌లో మిగిలిన కాఫీ ఒక కప్పులో పోసి నా చేతికిచ్చాడు. "తాగు. స్కారబు వైపు దిగితే గాలి వెనకనుంచే వస్తుంది. రాత్రికి మా బసలోనే భోజనం." అని, మిగిలిన నాలుగు కొమ్మలు నాటడానికి తనవాళ్ళని తీసుకుని అటువైపు వెళ్ళాడు. హల్వర్ కూడా, తనకేదో గుర్తొచ్చినట్టు, వాళ్ళ వెనకే వెళ్ళిపోయాడు.

మేమిద్దరం మిగిలాం. కాసేపటికి నా కుడి కాలి వేళ్ళలో సూదులు గుచ్చినట్టు మంట పుట్టింది, తర్వాత ఆ మంట చల్లారి వెచ్చదనం వచ్చింది. దాచనని మాట ఇచ్చి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"తోరున్, స్పర్శ వచ్చేసింది. ఇక తీసెయ్యొచ్చు."

"తెలుసు," అంది. కోటు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.